కంటికి కనపడని పని

గోపురాన్ని చూసి చేతులు జోడించేవారు ఎందరో ఉంటారు గాని, దానిని మోస్తున్న పునాదిని తలచుకొనేవారు అరుదు. యంత్రాల విషయంలోనూ లోకరీతి ఇదే. 1961 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో జాగ్వార్ కంపెనీవారు ఈ-టైప్ అనే కారును తొలిసారిగా చూపినప్పుడు, అందరి కళ్ళూ దాని పొడవైన ముక్కుమీద, నున్నని ఒంపులమీద నిలిచినవి. ఆ ఆకృతిని తీర్చిన మాల్కం సేయర్ విమాన నిర్మాణంలో పనిచేసి వచ్చినవాడు. ఈ కారు గంటకు 150 మైళ్ళు పోగలదని కంపెనీవారు చాటుకొన్నారు. అయితే అంతటి వేగంలో వెనుక చక్రాలు నేలను విడువకుండా చూసేది, కారు కింద దాగి ఉన్న ఒక ఉక్కు చట్రం. దానిని రూపొందించిన ఇంజనీరు బాబ్ నైట్.

ఈ-టైప్ కార్ల తయారీ 1974లో ఆగిపోయింది. నాటి కార్లను నేటికీ నడుపుతున్నవారు ఇంగ్లండులో చాలామంది ఉన్నారు. వారిలో కొందరు ఆ చట్రాన్ని తమ ఇంటి షెడ్డులోనే విప్పి, శుభ్రపరచి, మరల కూర్చుకొంటారు. ఆ పని ఎట్టిదో తెలుసుకొంటే యంత్రశాస్త్రంతోపాటు మరొక సంగతి కూడా బోధపడుతుంది.

ఎడ్లబండి ఎక్కినవారికి కుదుపు సంగతి వేరే చెప్పనక్కరలేదు. చక్రం రాయి ఎక్కితే ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవాని వెన్నుకు తగులుతుంది. లారీలలో ఇరుసుకూ చట్రానికీ మధ్య ఉక్కు పట్టీల కమానులు అమర్చడంతో ఆ బాధ కొంత తగ్గింది. కాని రెండు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపి ఉంచినంతకాలం, ఒక చక్రం గుంటలో దిగితే రెండవది కూడా ఒరగక తప్పదు. ఈ-టైప్‌కు ముందు జాగ్వార్ కంపెనీవారు చేసిన ఎక్స్‌కె వరుస స్పోర్ట్స్ కార్లకు వెనుక ఉన్నది ఇట్టి ఇరుసే. నైట్ దీనిని విడదీసి, ఏ చక్రానికి ఆ చక్రం స్వతంత్రంగా కదిలే ఏర్పాటు చేశాడు. పక్కకు రెండు చొప్పున నాలుగు చుట్ట స్ప్రింగులు బరువును మోస్తాయి. బ్రేకులను చక్రాలవద్ద గాక నడుమనున్న డిఫరెన్షియల్ పెట్టెకు ఇరువైపులా అమర్చారు. చక్రంతోపాటు పైకీ కిందికీ ఎగిరే బరువు ఎంత తగ్గితే, చక్రం నేల ఎత్తుపల్లాలను అంత త్వరగా అనుసరిస్తుంది గదా!

ఈ నిర్మాణంలో విశేషం మరొకటి ఉన్నది. చక్రాన్ని నిలబెట్టి ఉంచడానికి కింద ఒక గట్టి గొట్టపు చేయి ఉన్నది. పైన కూడా అట్టి చేయి ఒకటి ఉండవలె. కాని ఇక్కడ చక్రాన్ని తిప్పే షాఫ్టే ఆ పై చేయి పనిని కూడా నిర్వహిస్తుంది. ఒక్క వస్తువుతో రెండు పనులు జరగడం పొదుపే. అందులోనే ప్రమాదమూ పొంచి ఉన్నది. మామూలు కారులో ఆ షాఫ్టు కీలు విరిగితే కారు ఆగిపోతుంది. ఇందులో విరిగితే చక్రాన్ని పైన పట్టి ఉంచే ఆధారమే పోతుంది.

ఇక విప్పడం మాట. ఈ చట్రమంతా నాలుగు రబ్బరు దిమ్మెల ఆధారంతో కారుకు వేలాడుతూ ఉంటుంది. ఆ దిమ్మెలనూ, ముందువైపుకు సాగే రెండు కడ్డీలనూ, బ్రేకు గొట్టాన్నీ, ఇంజను శక్తిని తెచ్చే షాఫ్టునూ విడదీస్తే మొత్తం ఒకే ముద్దగా కిందికి దిగివస్తుంది. కాగితంమీద ఇది ఒక పూట పని. కాని ఇంగ్లండులో చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఏండ్ల తరబడి బోల్టులలోకి ఇంకి తుప్పుగా మారుతుంది. చక్రాన్ని మోసే దిమ్మె అల్యూమినియంతో చేసినది. దాని గుండా పోయే కడ్డీ ఉక్కుది. రెండు వేరు వేరు లోహాలు ఉప్పునీటిలో తాకుతూ ఉంటే ఏమవుతుందో ప్రయోగశాలలో బ్యాటరీ పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు తెలుసు. అల్యూమినియం తినివేయబడి, తెల్లని బూడిదవలె పేరుకొని, కడ్డీని బిగబట్టివేస్తుంది. దానిని సుత్తితో మోదితే దిమ్మె పగులుతుంది. వేడి చేసి, నూనె పోసి, ఓపికతో వేచి ఉండి, యంత్రంతో ఒత్తి తీయవలసిందే. స్ప్రింగుల విషయంలో మరింత జాగ్రత్త కావలె. వాటిని తగిన పనిముట్టుతో అణచిపట్టకుండా విప్పితే, లోన దాగిన శక్తి ఒక్కసారిగా విడుదలై మనిషిని గాయపరుస్తుంది.

గుణంనుంచే దోషం పుట్టడం కూడా ఇందులో చూడవచ్చు. బ్రేకులు డిఫరెన్షియల్ పక్కనే ఉండడంవల్ల వాటి వేడి ఆ పెట్టెకు సోకుతుంది. లోపలి నూనెను ఆపే సీళ్ళు ఎండి గట్టిపడతాయి. అప్పుడు నూనె కారి బ్రేకు పళ్ళెంమీదనే పడుతుంది. అందుచేత చట్రం దించినవారు సీళ్ళు బాగున్నట్లు కనిపించినా వాటిని మార్చుతారు.

తిరిగి కూర్చేటప్పుడు కొలత అంగుళంలో వెయ్యోవంతులకు దిగుతుంది. చక్రపు బేరింగులలో ఉండవలసిన ఆట ఒకటి మొదలు మూడు వెయ్యోవంతులు మాత్రమే. తక్కువైతే బేరింగు వేడెక్కి మాడుతుంది. ఎక్కువైతే చక్రం ఊగుతుంది. చక్రం పైభాగం లోపలికి ముప్పాతిక డిగ్రీ ఒరిగి ఉండవలె. ఆ ఒరుగును సరిచేయడానికి బ్రేకు పళ్ళెం పక్కన షిమ్ములు అనే పలుచని బిళ్ళలు వేస్తారు. అర మిల్లీమీటరు మందంగల ఒక్క బిళ్ళ ఆ కోణాన్ని సుమారు పావు డిగ్రీ మార్చుతుంది. ముందు కడ్డీల రబ్బరు కీళ్ళను కారు తన బరువుతో చక్రాలమీద నిలిచిన తర్వాతనే చివరగా బిగించవలె. గాలిలో ఉండగా బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలిపడి, త్వరలోనే చిరుగుతుంది.

ఇంత శ్రద్ధ ఉన్నదో లేదో పరీక్షించేవారు ఎవరు? బ్రిటన్‌లో కార్లకు ఏటేటా జరిగే తప్పనిసరి పరీక్షనుంచి, 40 ఏండ్లు దాటి పెద్ద మార్పులకు లోనుకాని వాటిని 2018 మే నెలలో మినహాయించారు. బండి రోడ్డుకు తగిన స్థితిలో ఉండవలెనన్న నిబంధన మాత్రం తొలగలేదు. ఆ పూచీ యజమానిదే. అనగా ఇంటి షెడ్డులో పనిచేసేవానికి పరీక్షకుడూ తానే, పరీక్షార్థీ తానే. అతడు తప్పితే నష్టపోయేది అతడొక్కడే కాదు. ఎదురుగా సైకిలుమీద వచ్చే పిల్లవాడు కూడా.

డిఫరెన్షియల్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు నాలుగు ఉన్నవి. అవి అదురుకు వదులు కాకుండా వాటి తలలలోని రంధ్రాలగుండా సన్నని తీగ దూర్చి, బిగువు దిశగా మెలివేసి ముడివేస్తారు. చట్రం కారు కిందికి ఎక్కిన తర్వాత ఆ తలలు నేలరేకు మరుగున పడిపోతాయి. మళ్ళీ చట్రం దించేవరకు, అంటే బహుశః మరొక తరం వచ్చేవరకు, ఆ ముడిని చూడగలవారు ఎవరూ ఉండరు. అయినా మంచి పనివాడు ఆ ముడి సరిగా పడకపోతే కత్తిరించి మళ్ళీ వేస్తాడు. మార్కులు వేసేవారు లేని చోట చేసిన లెక్కనుబట్టే ఆ విద్యార్థికి గణితం ఎంత వచ్చినదో తెలుస్తుంది.