మీకు తెలుసా? ఒంటరి కాఫీ మొక్క కూడా కాయలు కాస్తుంది

అరకు కొండల్లో పండే అరబికా కాఫీ మొక్కను ఒక్కదాన్నే తెచ్చి ఇంట్లో కుండీలో పెంచినా ఎర్రటి పళ్లు కాస్తుంది. పక్కన ఇంకో మొక్క తోడు అక్కర్లేదు.

కారణం దాని పువ్వులోనే ఉంది. అరబికా పువ్వుకు తన పుప్పొడే చాలు. మరో కాఫీ జాతి రోబస్టా అలా కాదు, దానికి వేరే మొక్క పుప్పొడి అందాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఈ అరబికాయే.

పుట్టుకతో ఇది అడవి నీడలో పెరిగే మొక్క. అరకు, పాడేరు వైపు గిరిజన రైతులు దీన్ని సిల్వర్ ఓక్ చెట్ల కింద పెంచేది అందుకే. ఇంట్లోనూ ఉదయపు లేత ఎండ పడే కిటికీ పక్క చోటు చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే నిగనిగలాడే ఆ ముదురు ఆకులు మాడిపోతాయి. మట్టిలో తడి ఉండాలి, కుండీ అడుగున నీళ్లు నిలవకూడదు.

అసలు ముచ్చట అది మొలకెత్తే తీరులో ఉంది. నాటిన నెలన్నరకో రెండు నెలలకో సన్నని కాడ ఒకటి గింజను నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది! నర్సరీల్లో దీన్ని 'టోపీ' దశ అనే పిలుస్తారు. మూడు నాలుగేళ్లకు మల్లెలాంటి వాసనతో తెల్లటి పూలు వస్తాయి, రెండు మూడు రోజుల్లోనే వాడిపోతాయి. కాయ ఎర్రబడటానికి మాత్రం ఏడెనిమిది నెలలు ఆగాలి.

వేయించిన గింజ మొలవదు. డిసెంబరులో అరకు వెళితే, రైతును అడిగి నాలుగు పండిన పళ్లు తెచ్చుకోండి. తొక్క తీసి, గింజలను నీడలో ఆరబెట్టి, చదునుగా ఉన్న వైపు కిందికి పెట్టి వెంటనే నాటండి. నెలల తరబడి దాచితే వాటికి మొలకెత్తే శక్తి పోతుంది.