ఇంగ్లండు చర్చి రిజిస్టర్లు – సామాన్యుల వంశనిర్ణయము

భూమియు, బిరుదమును లేని ఇంగ్లండు పల్లెటూరి కూలివాని వంశమును గుర్తించుటకు, 1837లో ప్రభుత్వపు జనన మరణ నమోదు ఆరంభమగు వఱకును, ప్రధానాధారము చర్చి రిజిస్టరే. 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞచే బాప్తిస్మ, వివాహ, ఖననములను వ్రాసి యుంచుట మొదలయ్యెను. 1598 నుండి ఏటేట బిషప్పు కచేరికి నకళ్లు పంపవలసి యుండెను. మూలము నశించినచోట నవియే శరణ్యము.

పేరు కనబడినంతనే పూర్వుడు దొరకెనని తలపరాదు. చనిపోయిన శిశువు పేరే తరువాతి బిడ్డకు పెట్టుట కలదు. కావున బాప్తిస్మముతోపాటు ఖననములను గూడ పరిశీలింపవలెను.

తేదీల చిక్కు మఱియొకటి. 1752కు పూర్వ మచట సంవత్సరాది మార్చి 25. వివాహము 1730 జూన్, బిడ్డ బాప్తిస్మము 1730 ఫిబ్రవరి అని యున్నచో, ఆ ఫిబ్రవరి మన లెక్కకు 1731. ఇది యెఱుగనివాడు నిర్దోషులగు దంపతులకు అపనింద గట్టును. శాసనములందు గత, వర్తమాన శకవర్షముల భేదమును పాటించు మనకీ జాగ్రత్త కొత్త కాదు.

1754 నుండి వధూవరులు రిజిస్టరులో సంతకము చేయవలసి వచ్చెను. చదువురాని వధువు పెట్టిన నిశానీయే పలుమారు లామె చేతి జాడగా మిగిలినది. దానిని మఱియొకతెకు అంటగట్టకుండుటయే పరిశోధకుని ధర్మము.