చక్రం చుట్టూ మెరుపుగీత

సికింద్రాబాద్‌ రాణీగంజ్‌లో కారు విడిభాగాల కొట్లకేం కొదవ! కానీ అక్కడికెళ్లి ‘1960ల నాటి అమెరికా కారుకి చక్రం చుట్టూ ఉండే మెరిసే పట్టీ ఉందా?’ అని అడిగి చూడండి. కొట్టతను ముందు మీ వంక ఎగాదిగా చూస్తాడు!

మడ్‌గార్డులో చక్రం కోసం ఉండే అర్ధచంద్రాకారపు ఖాళీ అంచున బిగించే సన్నటి పట్టీ అది. స్టెయిన్‌లెస్‌ స్టీలుతోనో అల్యూమినియంతోనో చేస్తారు. మనవాళ్లు ఇలాంటివన్నీ కలిపి ‘బీడింగ్‌’ అనేస్తారు. నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌కి దీని అవసరమే లేదు. ఎందుకంటే, ఆ రోజుల్లో మడ్‌గార్డులు రెక్కల్లా విడిగా ఉండేవి. తర్వాత అవి బాడీలో కలిసిపోయాయి. 1964లో పాంటియాక్‌ జీటీఓ తెచ్చిన ‘మజిల్‌ కార్ల’ మోజులో చాలా మోడళ్లకి ఈ మెరుపు అంచు సొగసైంది.

పాత కారు బాగుచేయించేవాళ్లు పొరబడేది ఇక్కడే. టింకరింగ్‌ అయ్యి, వేలకు వేలు పోసి రంగు వేయించాక, పెళ్లికూతురికి బాసికం కట్టినట్టు చివర్లో పట్టీ బిగిద్దామనుకుంటారు. తీరా చూస్తే పైన వేలు దూరేంత సందు, కింద బిగుతు! తప్పు పట్టీది కాదు. తుప్పుపట్టిన అంచుని కోసి, కొత్త రేకు అతికి, లప్పంతో నున్నగా చేసినప్పుడు వంపు మారిపోయింది. కంటికి కనపడని ఆ తేడాని పట్టీ పట్టించేస్తుంది. ఇక స్క్రూ కోసం డ్రిల్లు పెడితే లప్పం పెచ్చులూడుతుంది.

అందుకే రంగుకి ముందే ఓసారి పెట్టి చూసుకోవాలి. పాత పట్టీని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే వంగిపోతుంది, మళ్లీ పాత వంపు రావడం కష్టం. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయడం మేలు. ఏది కుడో, ఏది ఎడమో టేపు మీద రాసుకోవాలి. బిగించేటప్పుడు మొదటి స్క్రూ నడినెత్తిన. అక్కణ్నుంచి ఇటొకటి, అటొకటి చొప్పున కిందికి దిగాలి. కొత్త రేకుకి రంధ్రాలుండవు కాబట్టి పట్టీనే ఆనవాలుగా పెట్టి గుర్తు వేసుకోవాలి. తర్వాత నలుగురిని కారులో కూర్చోబెట్టి, స్టీరింగ్‌ని రెండువైపులా చివరికంటా తిప్పి చూడాలి. స్క్రూ మొన టైరుకి తగిలిందా... ప్రయాణం మధ్యలో టైరు చీరుకుపోతుంది! అంతా కుదిరాక పట్టీ విప్పి, రంధ్రాల అంచులకి ప్రైమర్‌ పూసి, అప్పుడు రంగు వేయించాలి. చివరి బిగింపులో కండబలం చూపించక్కర్లేదు.

ఇదే పట్టీని అంబాసిడర్లకీ ఫియట్లకీ ముచ్చటపడి పెట్టించినవాళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. అంబాసిడర్‌ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంట్లో తాతగారి బండి మిగిలి ఉంటే, నిక్షేపంలాంటి మడ్‌గార్డుకి రంధ్రాలు పొడవడం తుప్పుని పిలిచి పీట వేయడమే. పైగా యాభై ఏళ్లు దాటిన వాహనాలకి 2021లో తెచ్చిన ‘వింటేజ్‌’ రిజిస్ట్రేషన్‌కి బండి అసలు రూపంలో ఉండాలి. వెడల్పు టైర్ల కోసం మడ్‌గార్డు అంచులు కోయించే కుర్రాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

పట్టీ ఉన్న బండైతే, వానాకాలంలో పైపు పెట్టి దాని వెనక సందుని లోపలివైపు నుంచి కడగండి. చక్రం చిమ్మిన బురద తడితో సహా అక్కడే దాక్కుంటుంది. బయట మెరుపు మెరుపులాగే ఉంటుంది, లోపల రేకు తినేస్తుంటుంది.