స్వేచ్ఛా సాఫ్టువేరు: క్రొత్తవారి యిక్కట్లు

కంచరివాని యొద్ద గిన్నె కొన్న పిమ్మట అందు పప్పు వండవలయునో పులుసు కాచవలయునో అతడు మనకు విధింపడు. సొట్టపడిన బాగుచేయించుకొందుము, పొరుగింట పెండ్లియైన ఎరువిత్తుము. కంప్యూటరులను నడపు సాఫ్టువేరులలో పెక్కింటియందు కొన్నవారికి ఈ మాత్రపు హక్కును లేదు. లోపల నేమున్నదో చూడరాదు, మార్చుకొనరాదు, ఒకరికి ప్రతి యీయరాదు. ఇది న్యాయము కాదని 1983వ సంవత్సరమున అమెరికాదేశపు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. వాడుకొనుట, పరిశీలించి మార్చుకొనుట, పంచిపెట్టుట, మార్చినదానిని సైతము పంచిపెట్టుట, ఈ నాలుగును వాడువారి హక్కులని ఆయన వాదము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించుటతో ఆ ప్రయత్నమునకు నిండుదనము వచ్చినది. మన హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు డెబియన్ అను నిట్టి వ్యవస్థనే ఆధారముగా గొని, తెరపై తెలుగుమాటలు కనబడునట్లు సిద్ధపరచిరి.

ఇంతవరకు చదివి, ఇది మగవారి తగవు, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పకుందురు గాక. మేము పుట్టినది గద్వాల, మెట్టినది వనపర్తి. మా యింటివారి ఉపాధ్యాయవృత్తి కారణమున ఇప్పుడు నాగర్‌కర్నూలు చేరువ నొక గ్రామమున నున్నాము. ఈ మూడుచోట్లను వృద్ధస్త్రీలు పాడు బొడ్డెమ్మపాటలను, పెండ్లిపాటలను, విసురుపాటలను కొన్నిటిని కాగితములపై వ్రాసికొని, పదిపండ్రెండేండ్ల క్రిందట ఒక డీటీపీ దుకాణమున టైపు చేయించితిమి. పిదప ఆ దుకాణము మూతపడినది. మాకిచ్చిన ఫైలును మరియొకచోట తెరువగా తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు కానవచ్చినవి. ఎట్లనగా, ఆ పాతపద్ధతి ఖతులలో తెలుగక్షరమునకు తనదైన సంఖ్య లేదు. ఆంగ్లాక్షరముండవలసిన చోట తెలుగు బొమ్మను కూర్చుండబెట్టుదురు. ఆ ఖతి లేని యంత్రమున ఆ పాట పాట కాదు. త్వరగా పని జరుగునని అందరును వాడిన ఖతులే యవి. సులువుగా లోనికి గొనిపోయిన ద్వారము మరల వెలికి రానీయలేదు. పాడిన అవ్వలలో ఇద్దరిప్పుడు లేరు. యూనికోడునందైనచో తెలుగులోని ప్రతి యక్షరమునకును వేరువేరు సంఖ్యలు గలవు. ఆ పద్ధతిని టైపుచేసిన దానిని నేటి యంత్రములన్నియు చదువును. మా వ్రాతకాగితములలో ఎలుకలవాత బడక మిగిలినవానిని ఇప్పుడట్లు మరల టైపు చేయుచున్నాము.

ఐనను స్వేచ్ఛావాదులను మేము ఊరక పొగడజాలము. ఒక వేసవి సెలవులలో మా యింటివారు పాత కంప్యూటరు నొకదానిని తెచ్చి అందు స్వేచ్ఛావ్యవస్థ యొకటి యెక్కించిరి. తెరపై తెలుగు ముచ్చటగా నున్నది గాని వైఫై పనిచేయదయ్యెను. తెలిసినవారి నడుగగా, ఆ చిప్పును నడపు ఫర్మ్‌వేరను చిన్న ప్రోగ్రాము మూలమును తయారీదారు బయటపెట్టలేదనియు, కావున తమ సిద్ధాంతము చొప్పున దానిని చేర్చలేదనియు, పుస్తకము చదివి వేరుగ చేర్చుకొనుడనియు సెలవిచ్చిరి. ఆ పుస్తకము ఇంటర్నెట్టునందు గలదట! ఇంటర్నెట్టు లేకయే గదా మేమడిగినది. మా యింటికి చదువుకొనవచ్చు బాలికలు నలుగురును రెండవనాటికి ఫోనులకు మరలిరి. వారిని తప్పుపట్ట మాకు నోరు రాలేదు. వ్యాకరణము ముగించినగాని మాటాడరాదని పసిబిడ్డకు చెప్పిన తల్లి యెందైన గలదా?

ఈ చిక్కును తుదకు డెబియన్ వారే గ్రహించిరి. స్వేచ్ఛ విషయమున పట్టుదలకు పేరుపడిన ఆ సమాజమువారు 2022లో తమ సభ్యుల వోట్లు గైకొని, అట్టి ఫర్మ్‌వేరును తొలిప్రతిలోనే చేర్చ నిశ్చయించిరి. 2023 జూనున వెలువడిన 12వ కూర్పునుండి అట్లే జరుగుచున్నది. మేము మెచ్చినది అంతమాత్రము కాదు. స్వేచ్ఛ లేనిదానిని వేరు విభాగముగా నుంచి, వలదన్నవారు మానుకొనుటకును వీలు కల్పించిరి. నియమభంగమని నొచ్చుకొన్నవారు లేకపోలేదు. ఏకాదశినాడు పసిపిల్లలకు అన్నము వండిపెట్టిన యిల్లాలిని వ్రతము చెరచెనందుమా? కేరళమున 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకమువారు బడుల కంప్యూటరులకు స్వేచ్ఛా సాఫ్టువేరు నెక్కించి యూరకుండక, ఉపాధ్యాయులకును శిక్షణ గరపిరి. యంత్రము వెంట మనిషినిగూడ పంపిరన్నమాట.

మా గద్వాల మగ్గములను చూచినవారికి ఇది సుబోధము. ఒడలు నూలు, అంచు పట్టు. రెంటిని కలిపి నేయుట చేయితిరిగినవారి పని. ఇంటిపిల్ల మొదట కండెలు చుట్టును. అంచుపువ్వులకు జకార్డు అట్టలలో రంధ్రములెట్లుండవలెనో చెప్పుమని ఆ పిల్లను తొలినాడే యెవరు నడుగరు. ఐనను మగ్గమునకు మూత లేదు. తలయెత్తి చూచిన పోగుపోగును కనబడును. ఒకనాటికి ఆ అట్టను తానే మార్పింపవచ్చును.

ఇక ప్రారంభింపగోరువారు ఉన్న వ్యవస్థను ఒక్కమారుగ తీసివేయ నక్కరలేదు. లిబ్రేఆఫీసు, ఫైర్‌ఫాక్సు, వీఎల్‌సీ యనునవి స్వేచ్ఛా సాఫ్టువేరులయ్యు విండోసునందును పనిచేయును. మండలి, గిడుగు, గురజాడ యను తెలుగు ఖతులు స్వేచ్ఛానుమతితో ఉచితముగ దొరకును. టైపునకు ప్రభుత్వప్రమాణమగు ఇన్‌స్క్రిప్టు మంచిది. అచ్చులు ఎడమచేతికిని హల్లులు కుడిచేతికిని వచ్చును. దానికి కొంత అభ్యాసము కావలెను. అంతటి యోపిక లేనివారికి ఆంగ్లాక్షరములు నొక్కిన తెలుగు వ్రాసిపెట్టు లేఖిని కలదు. ఏ త్రోవను వ్రాసినను ఫలము యూనికోడే గనుక, రేపు త్రోవ మార్చుకొన్నను వ్రాసినది చెడదు.

మాటల చిక్కు వేరొకటి యున్నది. తెలుగు చేసినవారు ఫైలును దస్త్రమనిరి, బ్రౌజరును విహారిణి యనిరి. ప్రబంధములు చదువుకొన్న మాకు విహారిణి చెవికింపుగనే యున్నది. బాలికలు మాత్రము తెల్లబోయిరి. దస్త్రము చిత్రముగా ముసలమ్మలకే తెలిసినది, పట్వారీలనాటి మాట గనుక. ఇట్టి అనువాదములను దిద్దుటకు ఎవరైనను సూచనలు పంపవచ్చును. ఫోనులకు మరలిన నలుగురిలో ఒకతె తిరిగివచ్చి, తనకు బోధపడని మాటల పట్టిక వ్రాయుచున్నది. ఇప్పటికి ముప్పదియేడైనవి. మొదటిది విహారిణి.