ఒకే కుటుంబం.. పది వ్యాపారాలు.. ఒకటి మునిగితే? ఎస్‌ఎల్‌బీసీ సొరంగం చెప్తున్న లెక్క ఇదీ!

దేవరకొండ: శ్రీశైలం నీళ్లు సొరంగం గుండా వచ్చి చందంపేట మండలంలోని నక్కలగండి రిజర్వాయర్‌కు చేరాలి. నల్గొండ జిల్లాలో 3 లక్షల ఎకరాలకు పైగా పారాలి. ఫ్లోరైడ్ ఊళ్లకు తాగునీరు అందాలి. కానీ 2005లో కాంట్రాక్ట్ ఇచ్చిన 43.9 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఇరవై ఏళ్లయినా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి 8 మంది బలయ్యారు.

ఆ కాంట్రాక్ట్ దక్కించుకున్నది జయప్రకాశ్ అసోసియేట్స్. గౌర్ కుటుంబం నడిపిన జేపీ గ్రూప్‌లో ఇదే పెద్ద కంపెనీ. 2024 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సొరంగం ఆలస్యానికి 2009 వరదలు, మిషన్ రిపేర్లు లాంటి కారణాలు చాలానే ఉన్నాయి. అయితే పని చేతిలో ఉన్న కంపెనీయే దివాలా తీయడం ఇంకో దెబ్బ.

అసలు ఇంత పెద్ద గ్రూప్ ఎలా పడిపోయింది?

ఫ్యామిలీ గ్రూప్ అంటే కంపెనీలు వేర్వేరు, పగ్గాలు మాత్రం ఒకే ఇంటి చేతిలో. జేపీకి సిమెంట్, జలవిద్యుత్, హోటళ్లు, యమునా ఎక్స్‌ప్రెస్‌వే, ఫార్ములా వన్ ట్రాక్ అన్నీ ఉండేవి. దీనికో లాభం ఉంది. ఒక వ్యాపారం నష్టపోతే ఇంకొకటి ఆదుకుంటుంది. ఇంటి పేరు చూసి బ్యాంకులు అప్పిస్తాయి.

చిక్కంతా ఇక్కడే. మన గొలుసుకట్టు చెరువుల్లాగే ఎగువ చెరువు కట్ట తెగితే దిగువ చెరువులకూ ముప్పే. జేపీ ఇన్‌ఫ్రాటెక్ తన భూమి 758 ఎకరాలను మాతృసంస్థ అప్పులకు తాకట్టు పెట్టింది. ఆ తాకట్టు చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈలోగా ఆ కంపెనీలో ఫ్లాట్లు బుక్ చేసుకున్న వేల కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి.

ఇండోనేషియాలోనూ ఇదే కథ

థాయిలాండ్‌లో సీపీ, ఫిలిప్పీన్స్‌లో అయాలా, ఇండోనేషియాలో సలీం.. ఆగ్నేయాసియాలో ఇలాంటి కుటుంబ గ్రూపులదే హవా. 1997లో థాయ్ కరెన్సీ కుప్పకూలి ఆ సంక్షోభం చుట్టుపక్కల దేశాలకు పాకింది. డాలర్లలో అప్పు తెచ్చిన గ్రూపులు విలవిల్లాడాయి. మరుసటి ఏడాది సలీం కుటుంబానికి చెందిన బ్యాంక్ సెంట్రల్ ఏషియా ముందు డిపాజిటర్లు క్యూ కట్టారు. చివరికి ప్రభుత్వమే దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇండోమీ నూడుల్స్ వ్యాపారం మాత్రం ఆ కుటుంబం దగ్గరే నిలిచింది.

మరి సామాన్యుడు ఏం చూడాలి?

షేరు కొన్నా, ఫ్లాట్ బుక్ చేసినా గ్రూప్ పేరు చూసి మురిసిపోతే సరిపోదు. సంతకం పెడుతున్న కంపెనీకి అప్పెంత? ఆ కంపెనీ ఇంకెవరి అప్పుకైనా పూచీ ఉందా? ఈ రెండూ చూడాలి. కాంట్రాక్టులిచ్చే ప్రభుత్వాలకూ ఇదే లెక్క. లేదంటే పేరు గొప్ప, ఊరు దిబ్బే. కంపెనీ అప్పులు కోర్టులో తేలతాయి. నీళ్ల కోసం చూసే రైతుకు మాత్రం పోయిన ఇరవై ఏళ్లు తిరిగి రావు.