సలహా బరువు క్రియలోనే

ఆఫీసులో తోటివారికి ఇంగ్లీషులో ఏదైనా సూచించేటప్పుడు, ముందు 'ప్లీజ్' పెడితే మర్యాద కుదిరిందనుకుంటాం. తెలుగు మనకు చేసిన అలవాటు అది. 'ఈ లెక్క మరోసారి చూడండి' అన్నప్పుడు క్రియ ఆజ్ఞార్థకమే అయినా, చివరి 'అండి' గౌరవం సంగతి చూసుకుంటుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. 'ప్లీజ్ చెక్ దిస్ అగైన్' మర్యాదైన మాటే గానీ ఆదేశమే. కాదనే వీలు అందులో తక్కువ. ఆ వీలు ఎంతుందో చెప్పే పని కుడ్, మైట్, షుడ్, మస్ట్ లాంటి సహాయక క్రియలది. కాబట్టి ఎదుటివారికి ఎంత స్వేచ్ఛ ఇవ్వదలిచామో ముందు తేల్చుకుని, దానికి తగిన క్రియను ఎంచుకోవాలి.

'యూ కుడ్' ఒక దారి చూపి ఊరుకుంటుంది. 'ఐ సజెస్ట్' నా ఆలోచన ఇదీ అంటుంది. 'ఐ రికమెండ్'లో నాలుగూ బేరీజు వేసి చెబుతున్నానన్న పూచీ ఉంది. 'ఐ అడ్వైజ్' డాక్టరు, లాయరు నోట నప్పుతుంది. సాటి ఉద్యోగి ఆ మాట వాడితే పెద్దరికం ధ్వనిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా జారేది 'బెటర్' దగ్గర. 'ఇలా చేస్తే బాగుంటుంది' అనబోయి 'యూ బెటర్ డూ దిస్' అంటారు. వినేవారికి అది 'చేశావా సరే, లేకపోతే నీకే నష్టం' అన్నట్టు తగులుతుంది. 'ఇట్ మైట్ బి బెటర్ టు' అంటే మన ఉద్దేశం చేరుతుంది. 'సజెస్ట్ యూ టు డూ' కూడా ప్రామాణిక ఇంగ్లీషు కాదు. 'సజెస్ట్ దట్ యూ డూ' అనాలి.

ఇంత చాదస్తం ఎందుకు, భావం అర్థమైతే చాలదా అనవచ్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజనీర్లకు అది చాలలేదు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం మస్ట్, షుడ్, మే అన్న మాటలకు నిర్వచనాలు ఇచ్చింది. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే తగిన కారణముంటే, పర్యవసానాలు తెలుసుకుని మానుకోవచ్చు. మే అంటే పూర్తిగా ఐచ్ఛికం.

మెత్తగా చెబితే ఎవరు పట్టించుకుంటారన్నది ఇంకా బలమైన అభ్యంతరం. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం టేకాఫ్ కోసం పరుగెడుతుండగా, మీటర్ల రీడింగు సరిగ్గా లేదని కోపైలట్ పలుమార్లు అన్నాడు. ఆపేద్దామని మాత్రం అనలేదు. కెప్టెన్ ఆపలేదు. విమానం వంతెనను ఢీకొని నదిలో కూలి, వంతెన మీదున్నవారితో కలిపి 78 మంది చనిపోయారు. అయితే దీన్నిబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడాలని కాదు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు 'వీ మస్ట్' అనాలి. నివేదికలో రంగు మార్చడానికి 'యూ కుడ్' సరిపోతుంది. ప్రతిదానికీ 'మస్ట్' అనేవారి మాటలో అసలైన హెచ్చరిక ఏదో ఎవరికీ తెలియదు.

హోదా కూడా బరువు పెంచుతుంది. మేనేజర్ 'యూ కుడ్' అన్నా కింది ఉద్యోగికి ఆజ్ఞగానే వినిపిస్తుంది. నిజంగా నిర్ణయం అతనిదే అయితే 'ఇట్స్ యువర్ కాల్' అని విడిగా చెప్పాలి. కింది ఉద్యోగి పైవారితో మాట్లాడేటప్పుడు మాట సగం బరువే తూగుతుంది గనుక, ఒక మెట్టు గట్టి క్రియ వాడి, పక్కనే కారణం చెప్పడం మేలు.