ప్రాణమే లేని రసాయనాల మధ్య పోటీ.. భూమిపై జీవం అలా మొదలైందా? ల్యాబ్ ప్రయోగాలు ఏం చెబుతున్నాయంటే..

చెట్టు ముందా? విత్తు ముందా? రచ్చబండ దగ్గరే కాదు.. సైన్స్ ల్యాబుల్లోనూ దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది. మన కణాల్లో డీఎన్ఏ కాపీ కావాలంటే ప్రొటీన్లు కావాలి. ఆ ప్రొటీన్లు తయారు కావాలంటే డీఎన్ఏలోని సమాచారం కావాలి. మరి ఈ రెండూ లేని రోజుల్లో కథ ఎలా మొదలైంది? దీనికి శాస్త్రవేత్తలు చెబుతున్న ఒక సమాధానం ఆసక్తికరంగా ఉంది. జీవం పుట్టాక పోటీ మొదలవ్వలేదు.. పోటీ మొదలయ్యాకే జీవం పుట్టింది అంటున్నారు. అదెలాగో చూద్దాం.

సామాను దొరికింది.. మరి ఏరిందెవరు?

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు. సుమారు 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనే సూక్ష్మజీవుల ఆనవాళ్లు ఉన్నాయి. నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియాపై సూర్యుడి అల్ట్రావయొలెట్ కిరణాలు పడి రకరకాల సేంద్రియ పదార్థాలు తయారయ్యాయని, తొలినాటి సముద్రాలు పల్చటి వేడి సూప్‌లా ఉండేవని 1929లో బ్రిటన్ శాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్ రాశారు. ఆయనకు మన తెలుగు నేలతోనూ లింక్ ఉంది. 1957లో ఇండియాకు వచ్చేసి ఇక్కడి పౌరసత్వం తీసుకున్న హాల్డేన్.. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

హాల్డేన్ ఊహను పరీక్షించింది స్టాన్లీ మిల్లర్ అనే కుర్రాడు. షికాగో యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ దగ్గర రీసెర్చ్ చేస్తూ నీరు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌లను గాజు పరికరంలో పెట్టి కరెంట్ మెరుపులు పుట్టించాడు. కొద్ది రోజుల్లోనే అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. 1953లో ఆ రిజల్ట్ బయటికొచ్చేసరికి మిల్లర్ వయసు 23 ఏళ్లే.

ఇక బెన్నూ అనే గ్రహశకలం నుంచి నాసా 2023లో తెచ్చిన 121.6 గ్రాముల మట్టిలోనూ ఇలాంటివే బయటపడ్డాయి. జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు అక్షరాల్లాంటి 5 బేస్‌లు అందులో ఉన్నట్టు 2025 జనవరిలో ప్రకటించారు.

అంటే సామానుకు కొదవ లేదు. అయితే ఇక్కడే అసలు చిక్కు ఉంది. అమైనో ఆమ్లాలకు మన రెండు చేతుల్లా ఎడమ, కుడి రూపాలు ఉంటాయి. జీవుల ప్రొటీన్లలో దాదాపు అన్నీ ఎడమవే. బెన్నూ మట్టిలో మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఇంత కలగాపులగంలోంచి కొన్నింటినే ఏరిందెవరు?

‘స్వయం ఎంపిక’ అంటే ఏంటి?

ఎవరూ ఏరక్కర్లేదు అన్నదే రసాయన ఎంపిక సిద్ధాంతం. పాలు తోడు పెట్టడం గుర్తు తెచ్చుకోండి. చెంచాడు పెరుగు వేస్తే గిన్నెడు పెరుగు అవుతుంది. తోడులో ఉండేది బ్యాక్టీరియా అనుకోండి. కానీ ప్రాణం లేని కొన్ని అణువులు కూడా తమలాంటి అణువులు తయారయ్యేందుకు తామే సాయపడతాయి. అలాంటి అణువు ఒక్కటి పుడితే చాలు.. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముడిసరుకు మాత్రం పరిమితం. కాబట్టి త్వరగా కాపీ అయ్యేవి, త్వరగా విరిగిపోనివి మిగులుతాయి. మిగతావి కనుమరుగవుతాయి. ఎండ, నీరు, వేడి, రాతి ఉపరితలం.. ఇవే జల్లెడ. పట్టేవాళ్లు లేకపోయినా జల్లెడ పని జల్లెడ చేసుకుపోతుంది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణానికి ఇది ముందు మెట్టు.

74 మార్పిడుల తర్వాత ట్విస్ట్

ఇది వినడానికి బాగానే ఉంది.. రుజువేది? 1967లో అమెరికా శాస్త్రవేత్త సోల్ స్పీగెల్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. బ్యాక్టీరియాకు సోకే ‘క్యూబీటా’ అనే వైరస్ ఆర్ఎన్ఏను టెస్ట్ ట్యూబులో వేసి, దాన్ని కాపీ చేసే ఎంజైమ్, ముడిసరుకు ఇచ్చారు. కాసేపటికి అందులోంచి కొంచెం తీసి కొత్త ట్యూబులో వేశారు. అలా 74 సార్లు మార్చారు. చివరికి చూస్తే ఆ ఆర్ఎన్ఏ తన పొడవులో 83 శాతం వదిలేసుకుంది. కానీ మొదటిదాని కంటే చాలా వేగంగా కాపీ అవుతోంది.

దాన్ని ఎవరూ కత్తిరించలేదు. పొట్టిగా ఉన్నవి త్వరగా కాపీ అయ్యాయి కాబట్టి అవే మిగిలాయి. కణం లేకుండానే ఎంపిక జరుగుతుందని దీంతో తేలింది. అదే సమయంలో పెద్ద ప్రశ్న కూడా పుట్టింది. అన్నీ రెడీమేడ్‌గా దొరికితే గెలిచేది తెలివైనది కాదు.. పొట్టిది, వేగమైనది. మరి జీవం అంతకంతకూ సంక్లిష్టం ఎలా అయింది?

ఎంజైమ్ లేకుండా కుదురుతుందా?

స్పీగెల్‌మన్ వాడిన ఎంజైమ్ ఒక ప్రొటీన్. అంటే చెట్టు-విత్తు గొడవ అలాగే ఉంది. 1980ల్లో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ ఆ ముడి విప్పారు. సమాచారం మోసే ఆర్ఎన్ఏ స్వయంగా ఎంజైమ్ పని కూడా చేయగలదని చూపించారు. 1989లో ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ దక్కింది.

2009లో ట్రేసీ లింకన్, జెరాల్డ్ జాయిస్ మరో అడుగు ముందుకేశారు. ఒకదాన్నొకటి తయారు చేసుకునే రెండు ఆర్ఎన్ఏలను ప్రొటీన్ సాయం లేకుండానే నడిపించారు. దాదాపు గంటకోసారి వాటి సంఖ్య రెట్టింపైంది. రకరకాల జంటలను ఒకే ట్యూబులో వదిలితే.. మొదట్లో అసలు లేని కొత్త కలయికలు పుట్టి, అవే పైచేయి సాధించాయి. అయితే వాటికి కావాల్సిన ఆర్ఎన్ఏ ముక్కలను ల్యాబులో ముందే తయారు చేసి ఇచ్చారు.

పక్క బుడగను లాక్కునే బుడగ

పొట్టివే గెలుస్తాయన్న సమస్యకు ఒక దారి బుడగల్లో కనిపిస్తోంది. సబ్బు తరహా కొవ్వు ఆమ్లాలు నీటిలో వాటంతటవే చిన్నచిన్న బుడగలు కడతాయి. 2004లో ఐరీన్ చెన్, జాక్ షోస్టాక్ బృందం కొన్ని బుడగల్లో ఆర్ఎన్ఏ నింపి, ఖాళీ బుడగలతో కలిపింది. లోపల ఆర్ఎన్ఏ ఉన్నవాటిలోకి నీరు చేరి ఉబ్బాయి. అలా బిగిసిన బుడగలు పక్కనున్న వదులు బుడగల గోడల్లోని కొవ్వును లాక్కుని పెరిగాయి. ఖాళీవి కుంచించుకుపోయాయి. ఇందులో జన్యువుల ఆదేశం లేదు. ఉన్నదల్లా ఒత్తిడి, అంటే ఫిజిక్స్.

గోడ ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. పనిచేయకుండా కాపీ మాత్రమే అయ్యే సోమరి అణువు తన బుడగనే ముంచుతుంది. పనికొచ్చే అణువు చేసిన మేలు దాని బుడగకే దక్కుతుంది. పొడవుగా ఉన్నా పనికొచ్చే ఆర్ఎన్ఏ నిలబడాలంటే ఇలాంటి ఇల్లు ఒకటి కావాలి.

ఎందుకింత ముఖ్యం?

మట్టి, నీరు, గాలి నుంచి మొదలుపెట్టి జీవ కణం దాకా మొత్తం దారిని ఏ ల్యాబూ ఇంతవరకు నడవలేదు. విడివిడిగా కొన్ని మెట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కానీ ఎంపిక అనేది రసాయనాల సహజ గుణమే అయితే జీవం కోట్లలో ఒకసారి తగిలే లాటరీ కాదు. అనువైన చోట మళ్లీ మళ్లీ జరిగేదే. కాకపోతే ఇంత విశ్వంలో మనం ఒంటరి వాళ్లమే కావచ్చు.

నాసా 2024 అక్టోబర్ 14న పంపిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం దగ్గరికి చేరాల్సి ఉంది. గురుడి చందమామ యూరోపాలో, మంచు కింద ఉన్నట్టు భావిస్తున్న సముద్రం జీవానికి అనువుగా ఉందా లేదా అన్నది అది పరిశీలిస్తుంది. అక్కడ సరైన రసాయనాలు ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న. వాటిని జల్లెడ పట్టే పరిస్థితులు ఉన్నాయా అన్నది రెండోది. ఈ ప్రయోగాలు చెబుతున్నదాన్ని బట్టి చూస్తే.. ఎక్కువ కష్టమైనది ఆ రెండోదే.